చురుకుదనం ఎక్కడ పుడుతుంది?

అమలాపురం కుర్రాడు సాత్విక్‌ సాయిరాజ్‌ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో కొట్టిన ఒక స్మాష్‌ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. బ్యాడ్మింటన్‌లో పదేళ్లుగా నిలిచిన మలేషియా ఆటగాడు టాన్‌ బూన్‌ హియాంగ్‌ రికార్డు, 493 కిలోమీటర్లు, దాంతో చెరిగిపోయింది. సాత్విక్‌ ఆ దెబ్బను వేగం కొలవడం కోసమే ప్రత్యేకంగా కొట్టాడు. మ్యాచ్‌లలో కూడా 400 దాటిన స్మాష్‌లు నమోదయ్యాయి. ఇలాంటి వార్త చదివినప్పుడు మన మెచ్చుకోలంతా కొట్టిన చేతికే పోతుంది. వలకు అవతల నిలబడి, ఆ దెబ్బను ఎదుర్కొని, షటిల్‌ను తిరిగి పంపే మనిషి ఈ అధ్యాయానికి కథానాయకుడు.

అతని చేతిలో ఎంత సమయం ఉంటుందో చూద్దాం. షటిల్‌ బరువు సుమారు 5 గ్రాములు. దానికి అమర్చిన 16 ఈకలు గాలిని గట్టిగా అడ్డుకుంటాయి. ఎంత ఎత్తు నుంచి వదిలినా అది గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగాన్ని మించి పడదు. అందుకే రాకెట్‌ను వదిలిన మరుక్షణం నుంచే దాని వేగం పడిపోతూ వస్తుంది. అయినా స్మాష్‌ అవతలి ఆటగాడిని చేరడానికి అర సెకను కూడా పట్టదు. దగ్గర నుంచి కొడితే అందులో సగమే. ఇక మనిషి వైపు లెక్క చూస్తే, ఒక దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన యువకుడికి కూడా సెకనులో అయిదో వంతు పడుతుంది. వేలు కదపడానికే అంత సమయం కావాలంటే, ఒళ్లంతా పక్కకు తిప్పి, అడుగు వేసి, చెయ్యి చాచడానికి ఇంకెంత కావాలి? లెక్క ప్రకారం చాలా స్మాష్‌లు తిరిగి రాకూడదు. కానీ హైదరాబాద్‌ గచ్చిబౌలిలోని బ్యాడ్మింటన్‌ అకాడమీలోకి ఏ ఉదయం వెళ్లినా అవి వరసగా తిరిగి వస్తూనే ఉంటాయి.

ఈ చిక్కు విప్పితే చురుకుదనం అంటే ఏమిటో తెలుస్తుంది.

మూలం, నిర్వచనం

క్రీడాశాస్త్రంలో దీన్ని ఎజిలిటీ అంటారు. ఆ మాట లాటిన్‌ నుంచి వచ్చింది. తోలడం, నడిపించడం, చేయడం అనే అర్థాలున్న ‘అగెరె’ దాని మూలం. సంస్కృతంలోని ‘అజ్‌’ ధాతువు దానికి దూరపు చుట్టం, అర్థం కూడా తోలడమే. పందెం, పోరు అనే అర్థాల్లో వాడే ‘ఆజి’ ఆ ధాతువు నుంచే పుట్టింది. మన ప్రాచీన కావ్యాల్లో యుద్ధమనే అర్థంలో అది కనిపిస్తుంది.

చాలాకాలం పాటు శిక్షకులు ఎజిలిటీని దిశ మార్చుకుంటూ పరుగెత్తే నేర్పుగానే లెక్కించారు. నేల మీద శంకువులు పెట్టి, వాటి చుట్టూ పరుగు తీయించి, గడియారం చూసి మార్కులు వేసేవారు. 2006లో షెపర్డ్‌, యంగ్‌ అనే ఇద్దరు పరిశోధకులు ఈ అవగాహనను సరిచేశారు. ఏదో ఒక ప్రేరణకు స్పందనగా ఒళ్లంతా వేగంగా కదలడం, ఆ కదలికలో వేగాన్నో దిశనో మార్చడం, ఈ రెండూ కలిస్తేనే చురుకుదనం అని వాళ్లు నిర్వచించారు. ఇందులో కీలకం ‘స్పందనగా’ అన్న ముక్క. ఎక్కడ తిరగాలో ముందే తెలిసిన పరుగులో కాలి బలం బయటపడుతుంది. ఎప్పుడు, ఎటు తిరగాలో అప్పటికప్పుడు తేల్చుకోవలసిన పరుగులో కన్ను, మెదడు, కాలు మూడూ బయటపడతాయి.

అదే ఏడాది యంగ్‌, షెపర్డ్‌, వారి సహచరులు ఆస్ట్రేలియన్‌ ఫుట్‌బాల్‌ ఆటగాళ్లను మూడు పరీక్షలకు నిలబెట్టారు. ఒకటి నేరు పరుగు. రెండోది ముందే చెప్పిన చోట మలుపు తిరగడం. మూడోది ఎదుట నిలబడ్డ మనిషి ఎటు కదిలితే దానికి తగ్గట్టు తిరగడం. మొదటి రెండు పరీక్షల్లో మేటి ఆటగాళ్లకూ కింది స్థాయి వాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడోదాంట్లోనే మేటివాళ్లు ముందు నిలిచారు. వాళ్లను మేటి చేసింది కాళ్ల వేగం కాదని, ఎదుటి మనిషిని చదివి తేల్చుకునే నేర్పని దీంతో తేలింది.

నరాల్లో ఎంత ఆలస్యం?

నరంలో సందేశం ఎంత వేగంగా వెళుతుందో కొలవడం మనిషికి సాధ్యం కాదని 19వ శతాబ్దపు గొప్ప శరీరశాస్త్రవేత్త యోహానెస్‌ ముల్లర్‌ నమ్మారు. 1850లో ఆయన శిష్యుడు హెర్మన్‌ హెల్మ్‌హోల్ట్స్‌ దాన్ని కొలిచి చూపించాడు. కప్ప కాలి కండరానికి అంటుకుని ఉన్న నరాన్ని తీసుకుని, ఒకసారి కండరానికి దగ్గర, ఇంకోసారి దూరంగా విద్యుత్తుతో తాకించాడు. రెండు సందర్భాల్లో కండరం ముడుచుకోవడానికి పట్టిన సమయాల మధ్య తేడా నుంచి లెక్క కట్టాడు. జవాబు సెకనుకు సుమారు 30 మీటర్లు. మనిషి ఒంట్లో మందమైన నరాలు ఇంతకంటే వేగంగా పనిచేస్తాయి. అయినా మెదడు నుంచి పాదం దాకా సందేశం చేరడానికి కొంత కాలం గడవవలసిందే. తలచుకున్న క్షణమే కాలు కదిలిందన్నది మన అనుభూతి మాత్రమే.

నరాల ప్రయాణం కంటే మెదడులో జరిగే ఎంపికకు ఎక్కువ సమయం ఖర్చవుతుంది. 1868లో డచ్‌ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్కస్‌ డాండర్స్‌ ఈ ఎంపికకు పట్టే సమయాన్ని విడిగా లెక్కించే పద్ధతి కనిపెట్టారు. 1952లో బ్రిటన్‌కు చెందిన హిక్‌, దీపాలు, మీటలతో చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం రాబట్టారు. ఎంపికల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ స్పందనకు దాదాపు ఒకే మోతాదులో అదనపు సమయం పడుతుంది. రెండు దీపాల నుంచి నాలుగుకు వెళితే కొంత ఆలస్యం, నాలుగు నుంచి ఎనిమిదికి వెళితే మళ్లీ అంతే ఆలస్యం. మరుసటి ఏడాది అమెరికన్‌ పరిశోధకుడు రే హైమన్‌ దీనికి ఇంకో సంగతి చేర్చారు. ఎంపికల్లో ఏదో ఒకటి తరచుగా వస్తుందని తెలిస్తే, దానికి మన స్పందన వేగవంతమవుతుంది.

వల అవతలి మనిషికి దారి దొరికేది ఇక్కడే. నరాల వేగాన్ని అతను పెంచుకోలేడు. ఎంపికల సంఖ్యను మాత్రం తగ్గించుకోగలడు. ఈ దెబ్బ ఎడమకు రాదు, దగ్గర పడదు అని ముందే తేల్చుకోగలిగితే మిగిలే దారులు తక్కువ, పట్టే సమయమూ తక్కువ.

ముందే చదివే కన్ను

ఆ తేల్చుకోవడం ఎలా జరుగుతుందో బ్రూస్‌ అబెర్నెతీ, డేవిడ్‌ రసెల్‌ 1987లో ప్రచురించిన బ్యాడ్మింటన్‌ ప్రయోగాలు చెబుతాయి. వాళ్లు ఆటగాడు షటిల్‌ కొట్టే దృశ్యాన్ని సినిమాగా చూపించి, వేర్వేరు క్షణాల్లో ఆపేసేవారు. కొన్నిసార్లు రాకెట్‌ షటిల్‌ను తాకకముందే తెర చీకటయ్యేది. షటిల్‌ ఎక్కడ పడుతుందో చెప్పమని అడిగేవారు. ఇంకొన్నిసార్లు కొట్టేవాడి చేతినో, రాకెట్‌నో కనబడకుండా కప్పేసేవారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు రాకెట్‌ కదలిక మీదే ఆధారపడ్డారు. ఆరితేరినవాళ్లు దాంతోపాటు రాకెట్‌ పట్టుకున్న చేతిని కూడా చదివారు. రాకెట్‌ కంటే చెయ్యి ముందు కదులుతుంది గనక వాళ్లకు కబురు ముందే అందింది.

క్రికెట్‌లోనూ ఇదే తీరు. 2000లో మైఖేల్‌ లాండ్‌, పీటర్‌ మెక్‌లియాడ్‌ బ్యాట్స్‌మన్‌ తలకు చిన్న కెమెరా కట్టి అతని చూపు ఎటు వెళుతుందో గమనించారు. బంతి మీంచి చూపు తిప్పకూడదని చిన్నప్పటి నుంచీ మనకు చెబుతారు. మంచి బ్యాట్స్‌మన్‌ చూపు మాత్రం బంతి చేతిలోంచి వెలువడగానే దాన్ని వదిలేసి, అది ఎక్కడ పిచ్‌ అవుతుందో ఆ చోటికి ముందే దూకి అక్కడ కాచుకుని ఉంటుంది. నేర్పు ఎక్కువున్న ఆటగాడి కన్ను అంత త్వరగా దూకింది.

ఈ ముందుచూపులో ప్రమాదం కూడా ఉంది. స్మాష్‌ కొట్టబోతున్నట్టు చెయ్యి ఎత్తి, చివరి క్షణంలో మణికట్టును మెత్తబరిచి డ్రాప్‌ వేసే ఆటగాడు సరిగ్గా ఈ ఊహనే వలలో వేసుకుంటాడు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక భుజం ఆడించి ఇంకో వైపు కాలు చాచడం కూడా అదే యుక్తి. అందుకే చురుకైన ఆటగాడు తన ఊహకు ఒళ్లంతా అప్పగించడు. బరువును రెండు కాళ్ల మీదా ఉంచుకుని, ఊహ తప్పితే తిరిగి రాగలిగినంత మేరకే ముందుకు వెళతాడు.

చెదరని చూపు, సరిదిద్దే చిన్నమెదడు

పరుగెత్తే మనిషి తల ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. అయినా ఎదుటి దృశ్యం చెదరదు. ఈ పుస్తకంతోనే దీన్ని పరీక్షించవచ్చు. తల కదపకుండా, పుస్తకాన్ని కళ్ల ముందు అటూ ఇటూ గబగబా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పుస్తకాన్ని కదలకుండా పట్టుకుని, తలను అదే వేగంతో అడ్డంగా ఊపండి. అక్షరాలు హాయిగా చదవగలుగుతారు. రెండింటిలోనూ కదలిక ఒకటే. తేడా తెస్తున్నది చెవి లోపల ఉన్న మూడు అర్ధవర్తుల కుల్యలు. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం ఆ కదలికను పసిగడుతుంది. ఆ సమాచారం కేవలం మూడు నాడీకణాల దారిలో కంటి కండరాలకు చేరి, కనుగుడ్లను అంతే మేర ఎదురు దిశకు తిప్పుతుంది. దీనికి పట్టేది సెకనులో సుమారు నూరో వంతు. మన ఒంట్లోని అతి వేగవంతమైన ప్రతిచర్యల్లో ఇదొకటి. ఇది లేకపోతే పరుగెత్తుతూ ప్రత్యర్థి చేతిని చదవడం అసాధ్యం.

కదలికలను కూర్చే పని ఎక్కువగా చిన్నమెదడుది. తల వెనక కింది భాగంలో ఉండే ఇది మెదడు పరిమాణంలో సుమారు పదో వంతే. కానీ మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు ఇక్కడే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో తల వెనక గాయపడిన సైనికులను పరీక్షించిన బ్రిటిష్‌ వైద్యుడు గోర్డన్‌ హోమ్స్‌ ఈ భాగం విలువను వివరంగా నమోదు చేశారు. వాళ్లకు పక్షవాతం రాలేదు, చేతులు కదిలేవి. కానీ ముక్కును ముట్టుకోమంటే వేలు దాటిపోయేది. సమయానికి మొదలుపెట్టలేకపోయేవారు, సమయానికి ఆపలేకపోయేవారు.

చేయబోయే కదలిక ఎలా సాగుతుందో చిన్నమెదడు ముందే అంచనా వేస్తుంది. నిజంగా జరిగినదాన్ని ఆ అంచనాతో పోల్చి, తేడాను బట్టి తరువాతి ప్రయత్నాన్ని సవరిస్తుంది. అభ్యాసమంటే ఈ సవరణలు వేలసార్లు పేరుకోవడమే.

ఆగగలిగిన కాలు

కన్ను చదివింది, మెదడు తేల్చింది. ఇక పని కాలిది. వల దగ్గర పడబోతున్న డ్రాప్‌ను అందుకునే కుడిచేతి వాటం ఆటగాడిని చూడండి. ప్రత్యర్థి కొట్టే క్షణానికి అతను నేల మీంచి కొద్దిగా ఎగిరి, రెండు కాళ్లూ ఎడంగా వేసి దిగుతాడు. శిక్షకులు స్ప్లిట్‌ స్టెప్‌ అనే ఈ చిన్న గెంతులో, దిగేటప్పుడు పిక్క కండరాలు, మడమ వెనక స్నాయుబంధనం సాగి బిగుసుకుంటాయి. ఎటు వెళ్లాలో తేలేసరికి కాలు ఎగదోయడానికి సిద్ధంగా ఉంటుంది. తరువాత రెండు మూడు అడుగులు. చివరిది కుడికాలితో వేసే పొడవాటి అంగ. మడమ ముందు ఆనుతుంది, మోకాలు వంగుతుంది, తొడ ముందరి కండరం సాగుతూనే బిగిసి ఒంటి బరువు మొత్తాన్ని నిలబెడుతుంది. మణికట్టు షటిల్‌ను తాకేసరికి ఒళ్లు ఆగిపోయి ఉంటుంది. అదే కాలు నేలను తన్ని అతన్ని కోర్టు మధ్యకు తిరిగి పంపుతుంది.

ఇందులో అన్నిటికంటే కష్టమైనది ఆగడం. సాగుతూ బిగిసే కండరం, ముడుచుకుంటూ పనిచేసే కండరం కంటే ఎక్కువ బలాన్ని ఇస్తుంది. బరువును ఆపే పనికి శరీరం వాడుకునేది దాన్నే. మలుపు తిరగడానికీ ముందు ఆగగలగాలి. ఒకే వంపులో వేగం రెట్టింపైతే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. నేలకూ బూటుకూ మధ్య ఉన్న పట్టు అంత బలాన్ని ఇవ్వలేకపోతే జారిపడడం ఖాయం. ఘాట్‌ రోడ్డులో బస్సు డ్రైవరు మలుపు రాకముందే వేగం తగ్గించినట్టు, చురుకైన మనిషి కూడా తిరగబోయే అడుగుకు ముందు అడుగులోనే బ్రేకు వేస్తాడు.

అడవి చెప్పే సాక్ష్యం

చీతా నేల మీద అన్నిటికంటే వేగంగా పరుగెత్తే జంతువని బడిలో చదువుకున్నాం. లండన్‌లోని రాయల్‌ వెటర్నరీ కాలేజీకి చెందిన ఆలన్‌ విల్సన్‌ బృందం బోట్స్‌వానాలో అయిదు చీతాల మెడలకు పరికరాలున్న పట్టీలు కట్టి, 367 వేట పరుగులను నమోదు చేసింది. 2013లో వెలువడిన ఫలితాల్లో అత్యధిక వేగం గంటకు 93 కిలోమీటర్లు. కానీ ఒక్కో పరుగులో అందుకున్న గరిష్ఠ వేగం సగటున 54 కిలోమీటర్ల దగ్గరే ఆగింది. వేటను గెలిపించినవి దూకుడుగా అందుకునే వేగం, అంతకంటే దూకుడుగా తగ్గించుకునే వేగం, పట్టు జారని మలుపులు. పూర్తిగా మడవని గోళ్లు నేలను పట్టుకుంటాయి, పొడవాటి తోక ఒంటిని తూచుతుంది.

2018లో అదే బృందం వేటాడే జంతువులను, వాటికి ఆహారమయ్యే జంతువులను పోల్చింది. చీతాను ఇంపాలా జింకతో, సింహాన్ని జీబ్రాతో సరిచూసింది. వేటగాళ్ల కండరాల్లో శక్తి 20 శాతం ఎక్కువ, వేగం అందుకునే సామర్థ్యం 37 శాతం ఎక్కువ. ఆగే సామర్థ్యం ఏకంగా 72 శాతం ఎక్కువ. మరి ఇంపాలా బతికేదెలా? పూర్తి వేగంతో నేరుగా పరుగెడితే దాని దారి చీతాకు ముందే తెలిసిపోతుంది. కాస్త నెమ్మదిగా పరుగెడుతూ, చీతా దగ్గరకు వచ్చే చివరి క్షణంలో చటుక్కున తిరిగితే, చీతాకు ఊహించే వీలుండదు. వేగం తగ్గించుకోవడంలోనే ఇంపాలా ప్రాణం ఉంది.

మన ఖోఖో నియమాలు చూస్తే ఈ వేటే గుర్తొస్తుంది. తరిమేవాడు ఒక దిశ పట్టాక స్తంభం దాకా వెనక్కి తిరగకూడదు. పరుగెత్తేవాడికి ఆ కట్టుబాటు లేదు. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఆఖరి క్షణంలో అటు దూరి ఇటు తేలే పిల్ల, తనకు తెలియకుండానే ఇంపాలా పాఠం చదువుతోంది.

ఎలా అలవడుతుంది?

చురుకుదనంలో పుట్టుకతో వచ్చే పాలు కొంత ఉంది. కండరాల్లో వేగంగా ముడుచుకునే తంతువుల నిష్పత్తి మనిషికీ మనిషికీ మారుతుంది. కానీ పైన చూసిన అంశాల్లో ఎక్కువ భాగం సాధనతో పెరిగేవే. ఎదుటి మనిషిని చదవడం, ఎంపికలు తగ్గించుకోవడం, సరిగా ఆగడం, తప్పిన అడుగును సరిదిద్దుకోవడం, ఇవన్నీ నేర్చుకునేవే. అయితే శంకువుల చుట్టూ ఎన్ని వందల పరుగులు తీసినా మలుపు వేగమే పెరుగుతుంది. చదివే కన్ను పెరగాలంటే చదవడానికి ఎదుట ఇంకో మనిషి ఉండాలి.

ఆగడం నేర్పకుండా వేగం నేర్పితే మోకాలు బలవుతుంది. మోకాలి సంధిబంధనాలు తెగే గాయాలు చాలావరకు ఎవరూ తగలకుండానే, హఠాత్తుగా ఆగేటప్పుడో, తిరిగేటప్పుడో, గెంతి దిగేటప్పుడో జరుగుతాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 1,900 మంది ఫుట్‌బాల్‌ ఆడే అమ్మాయిలపై జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. బలం, నిలకడ, సరైన దిగుడు నేర్పే 20 నిమిషాల సన్నాహక వ్యాయామం చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు గణనీయంగా తగ్గాయి.

ఆటలతో పని లేని వయసులో కూడా చురుకుదనం అవసరం తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. వారిలో 60 దాటినవాళ్లే ఎక్కువ. వయసుతో వేగంగా ముడుచుకునే కండర తంతువులే ముందుగా సన్నబడతాయి. కాలు జారినప్పుడు రెండో కాలును సమయానికి ముందుకు వేయగలిగితే అది తూలడంతో పోతుంది, వేయలేకపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఈ సామర్థ్యం కూడా సాధనతో నిలుస్తుంది. 2019లో కాక్రేన్‌ సంస్థ 108 పరీక్షలను, వాటిలోని 23 వేలకు పైగా వృద్ధులను కలిపి సమీక్షించింది. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. నిలకడను పెంచే వ్యాయామాలు అందులో ముఖ్యమైనవి.

కాబట్టి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. మైదానం చుట్టూ పరుగు తీయించడంతో వ్యాయామ పీరియడ్‌ ముగించకండి. కబడ్డీ, ఖోఖో, ఏడు పెంకులాట, కోతికొమ్మచ్చి లాంటి ఆటల్లో ప్రతి క్షణం ఎదుటివాడిని చదవాలి, తేల్చుకోవాలి, ఆగాలి, తిరగాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, కావలసింది ఖాళీ జాగా, ఒక గంట సమయం. ఇంట్లో పెద్దవాళ్లుంటే వైద్యుణ్ని అడిగి, గోడో కుర్చీయో ఆసరాగా, ఒంటికాలి మీద నిలబడడం, కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం, పక్కకు అడుగులు వేయడం రోజూ చేయించండి. పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు నిలకడ సాధన అందించడం మన చేతిలో పని. దాన్ని ఈ వారమే మొదలుపెట్టండి.